ముందుగా రానివారు రానట్లే

ఇరవయ్యో తేదీ ఉదయం నేను చేయాల్సిన పనులు ఇవి. నీళ్ళ కూలరు దగ్గర గ్లాసుకి గొలుసు కట్టించాలి. హాల్లో ఆగిపోయిన గడియారానికి బ్యాటరీ కోసం ఇండెంటు రాయాలి. రన్‌వే మీదికి వచ్చిన గేదె ఎవరిదో కనుక్కోవాలి. కనుక్కున్నాక అది ఏ గేటు నుంచి, ఎవరి అనుమతితో లోపలికి వచ్చిందో రాబట్టాలి. పై ఆఫీసు నుంచి ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరాన్ని తెలుగు చేసి హాల్లో అంటించాలి.

మొదటి నాలుగు పనులూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి. చివరిది మాత్రం ఆ పూటే చేసేశాను. ఈ కథంతా దానివల్లే జరిగింది.

నా పేరు తవిటినాయుడు. మా జిల్లాలో కొత్తగా కట్టిన చిన్న విమానాశ్రయంలో, సమయపాలన విభాగంలో జూనియర్ అసిస్టెంటుని. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. ఇంటికి ఏ కాగితం వచ్చినా మా నాయన నాచేత చదివించుకుని, "అందులో అలగుందా? అయితే అంతే" అనేవాడు. నాకూ అదే అలవాటైంది. కాగితం మీద ఉన్నదాన్ని తప్పు అనుకోవడం నాకు చేతకాదు.

మా దగ్గర నుంచి రోజుకి ఒక్కటే విమానం. పదకొండూ నలభైకి ముంబై వెళ్తుంది. డెబ్బై సీట్లు. పై నుంచి వచ్చిన ఉత్తరంలో ఉన్నది చిన్న విషయమే: కొందరు ప్రయాణికులు విమానం అందుకోలేకపోతున్నారు, ఇకపై అందరినీ రెండు గంటల ముందు రమ్మని చెప్పండి.

తెలుగు చేసి మా సమయపాలనాధికారి పసుమర్తి సీతాపతిరావు గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ముఖ్యమైన విషయాలు ఆయన కళ్ళజోడు లేకుండానే చదువుతారు.

"రెండు గంటలు అని పైవారు సెలవిచ్చారు. బాగుంది. ఇందులో మన విభాగం ఎక్కడుంది?"

"మనం అంటించాలి సార్."

"పైవారి అంకెను ఉన్నదున్నట్లు కిందికి పంపితే, మధ్యలో ఈ విభాగం దేనికని రేపు ఎవరైనా ప్రశ్నించవచ్చును. ముందుజాగ్రత్త నిమిత్తం ఒక గంట జోడించవలెను."

మూడు గంటలు అని దిద్ది భద్రతాధికారి చింతాడ గవరయ్య గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కూడా ఆలోచించారు. "మీ విభాగం ఒక గంట వేసుకుని మాకు సున్నా వేస్తే, మా తనిఖీకి విలువ లేదనే అర్థం వస్తుంది గదా" అని ఒక గంట వేశారు. సామాన్ల విభాగంవాళ్ళు తాము ఎవరికీ తీసిపోమని ఇంకో గంట వేశారు. చుట్టాలొస్తారేమోనని ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోసే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు ఇందులో తప్పేమీ కనపడలేదు. ఐదు గంటలు అని రాసి అంటించాను. కింద సీతాపతిరావు గారు తన సొంత వాక్యం ఒకటి చేర్పించారు: ముందుగా రానివారు రానట్లే.

కౌంటరు మాత్రం పాత పద్ధతిలోనే రెండు గంటల ముందు తెరిచేవాళ్ళం. దాన్ని మార్చమని ఎవరూ రాయలేదు.

మూడో తేదీన గొర్లె ఎర్రయ్యమ్మ గారు వచ్చారు. యాభై ఏళ్ళ మనిషి. ఒక చేతిలో బాలింతకి పెట్టే కాయం మందు డబ్బా, ఇంకో చేతిలో మెత్తటి పాత చీరల మూట, కాళ్ళకి నీలం పట్టీల రబ్బరు చెప్పులు. గేటు దగ్గర బల్లేసుకుని, ఎవరెన్నింటికి వచ్చారో రాసుకోవడం నా పని.

"నాలుగ్గంటల ముందే వచ్చీసినాను బాబూ. పది మంది లెగకముందే బస్సెక్కినాను" అంది. గర్వంగానే అంది.

"ఐదు గంటలమ్మా. మీరు గంట ఆలస్యం."

ఆమె లోపలికి తొంగిచూసింది. "ఇమానం ఎల్లిపోనాదా?"

"లేదమ్మా. ఇంకా ముంబై నుంచి బయలుదేరలేదు."

"అది ఇంకా రానే లేదు. మరి నానెలగ ఆలీసమైపోనాను?"

ఈ ప్రశ్నకి సర్క్యులర్‌లో జవాబు లేదు. విమానం సంగతి వేరు, మీ సంగతి వేరు అని చెప్పాను. అప్పుడు ఆమె తన సంగతి చెప్పింది. కూతురు ముత్యాలు ముంబైలో ఉంటుంది. తొలి కానుపు. పుట్టింటికి తీసుకొద్దామంటే డాక్టరమ్మ కదలొద్దంది. పన్నెండో తేదీ ఇచ్చింది. అల్లుడు సరుకుల ఓడ మీద పనిచేస్తాడు, ఇప్పుడు ఏ సముద్రంలో ఉన్నాడో వాడికే సరిగ్గా తెలీదు. పక్కన మనిషి లేదు.

"మా ఈదిలో పదకొండు కానుపులకి దగ్గరున్నాను బాబూ. నా కూతురి కానుపుకి నాను లేపోతే ఎలగ?"

లోపలికెళ్ళి సీతాపతిరావు గారికి చెప్పాను. ఆయన దయగలవారు. "ఆలస్య ప్రయాణికురాలిపై కఠినంగా వ్యవహరించరాదు. ఐదో తేదీ సీటు ఇవ్వవలెను. పన్నెండుకి ఇంకా ఎంతో సమయం ఉన్నది" అన్నారు. అలాగే ఇచ్చాను. ఆమె డబ్బా, మూట పట్టుకుని తిరుగు బస్సెక్కింది.

ఐదు గంటల నిబంధన ఎంత బాగా పనిచేసిందంటే జనం ఆరు గంటల ముందు రాసాగారు. ఆరుకి వచ్చినవాళ్ళ వెనక ఐదుకి వచ్చినవాళ్ళు నిలబడేవాళ్ళు. వెనక నిలబడ్డవాళ్ళకి కౌంటరు అందేది కాదు. దానితో ఏడుకి వచ్చేవాళ్ళు తయారయ్యారు. కొందరు రేపటి విమానానికి ఇవాళే వచ్చి లైన్లో ముందు నిలబడ్డారు. లైను తప్పించి ఎవరినీ పిలవరాదని మాకు నియమం ఉంది. అంచేత రేపటివాళ్ళ వెనక నిలబడి ఇవాళ్టివాళ్ళు విమానం పోగొట్టుకున్నారు.

సీతాపతిరావు గారు ఈ అంకెలు చూసి కదిలిపోయారు. "చూశావా తవిటినాయుడూ. ఇంత చెప్పినా ఇంకా ఆలస్యంగా వస్తూనే ఉన్నారు."

నాలుగో తేదీ పొద్దున్న నిబంధన ఐదు గంటల నుంచి రెండు రోజులకి పెరిగింది. నేను ఆ కాగితానికి జిగురు రాస్తుండగా ఎర్రయ్యమ్మ గారు వచ్చారు. ఐదో తేదీ విమానానికి నాలుగో తేదీ ఉదయం ఎనిమిదింటికే వచ్చేసింది. ఈసారి నన్ను చూసి నవ్వింది కూడా.

"ఇప్పుడు సెప్పు బాబూ."

నేను కాగితం పైకెత్తి చూపించాను. ఆమెకి చదువు రాదు. చదివి వినిపించాను.

"నిన్న ఐదు గంటలన్నావు. ఇరవై గంటలు దాటించి వచ్చినాను."

"అది నిన్నటి సర్క్యులరమ్మా."

"మా ఈది కుళాయికాడ కొండమ్మని ఒకర్తుంది. బింది ఒకటే పెడతాది, నీళ్ళు మూడు బిందెలు పడతాది. అది కూడా ఇంత అన్నేయం సెయ్యదు."

ఎనిమిదో తేదీకి సీటు రాసిచ్చాను. ఆమె మడతపెట్టి బొడ్డులో దోపుకుంది. ఇంటికి మాత్రం వెళ్ళలేదు. హాల్లో ఒక స్తంభం చూసుకుని మూట కింద పెట్టి కూర్చుంది. "నానెల్ను. ఎల్లొచ్చీసరికి మీరు ఇంకో కాయితం అంటించీసి ఉంటారు."

ఆమె ముందుచూపు మా విభాగంలో ఎవరికీ లేదు. మర్నాడే మేం దాన్ని నాలుగు రోజులు చేశాం. ఎనిమిదో తేదీ సీటుకి నాలుగో తేదీ నుంచి ఉంది కాబట్టి ఎర్రయ్యమ్మ గారు మొట్టమొదటిసారి టైముకి వచ్చినట్టయింది. రిజిస్టరులో నేనే స్వయంగా టిక్కు పెట్టాను. చెబితే సంతోషిస్తుందని వెళ్ళాను. ఆమె పరాయివాళ్ళ పిల్లని ఒళ్ళో వేసుకుని పడుకోబెడుతోంది.

"టయానికి వచ్చినాననా? మంచిదే. టయానికి నన్ను ఎక్కించీండి సాలు."

అప్పటికి హాల్లో నాలుగు రోజుల ప్రయాణికులు ఒకేసారి ఉన్నారు. ఎనభై మంది కోసం కట్టిన హాలు. రెండువందల డెబ్బై మంది ఉన్నారు. స్తంభాల మధ్య చీరలు ఆరేశారు. ఒక ముసలాయన రోజూ పొద్దున్నే ట్రాన్సిస్టరు పెట్టి అందరికీ వార్తలు వినిపించేవాడు. ఒకరికి ఇక్కడే సంబంధం కూడా కుదిరిందని విన్నాను. పై ఆఫీసుకి నివేదికలో సీతాపతిరావు గారు "ప్రయాణికులలో విమానాశ్రయం పట్ల మమకారం పెరుగుచున్నది" అని రాశారు.

లైను మాత్రం పగలంతా నిలబడాల్సిందే. పక్కకి వెళ్తే చోటు పోతుంది. ఆరో తేదీ మధ్యాహ్నం ఎర్రయ్యమ్మ గారు స్నానానికి పార్కింగు వెనక పంపు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. ఆమె ఏమీ ఆలోచించలేదు. కాళ్ళనున్న చెప్పులు విడిచి, లైన్లో తన చోట పక్కపక్కన పెట్టి వెళ్ళిపోయింది.

"అమ్మా, ఇదేంటి?" అని అడిగాను.

"కుళాయికాడ బిందెట్టీసి ఎల్లమా? ఇక్కడ బింది లేదు. సెప్పులెట్టీసినాను. ఎవులూ ముందుకెల్లరులే."

నిజంగానే ఎవరూ దాటలేదు. రేషన్ షాపు దగ్గరా, గ్యాసు బండి దగ్గరా ఇటుకల్నీ సంచుల్నీ గౌరవించే జనం మనవాళ్ళు. చెప్పుల్ని దాటతారా. వెనకున్నాయన కాసేపు చూసి తనూ విడిచాడు. ఆ వెనకామె విడిచింది. సాయంత్రానికి లైన్లో మనుషులు లేరు. దాదాపు రెండువందల డెబ్బై జతలు వరసగా ఉన్నాయి. మనుషులంతా చెట్ల కింద కూర్చుని పేకాడుకుంటున్నారు.

సీతాపతిరావు గారు రౌండుకి వచ్చారు. నాకు భయం వేసింది. ఆయన ఆ చివర నుంచి ఈ చివరికి నడిచారు. కళ్ళజోడు తీసేశారు.

"ఎంత క్రమశిక్షణ" అన్నారు చాలా మెల్లగా. "తవిటినాయుడూ, గమనించావా. ఒక్కరూ మంచినీళ్ళు అడుగుట లేదు. ఫ్యాను వేయుమనుట లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో నేను కోరుకున్న ప్రయాణికులు వీరు."

ఏడో తేదీన సమావేశం పెట్టారు. మినిట్స్ రాసింది నేనే కాబట్టి అక్కడ ఏం జరిగిందో కచ్చితంగా చెప్పగలను. కుడి చెప్పు, ఎడమ చెప్పు కలిపి ఒక ప్రయాణికుడా, ఇద్దరా అని గవరయ్య గారు లేవనెత్తారు. దీని మీద నలభై నిమిషాలు చర్చ జరిగింది. ఇద్దరనుకుంటే డెబ్బై సీట్లు చాలవు కనుక ఒకరే అని తీర్మానించారు. పట్టీ తెగిన చెప్పుని అనారోగ్యంతో ఉన్న ప్రయాణికుడిగా భావించి డాక్టరు సర్టిఫికెట్టు అడగాలన్నారు. బూట్లు వేసుకున్నవారు మేజోళ్ళని బూట్లలోనే ఉంచాలా, లేక అవి చేతి సామాను కిందికి వస్తాయా అన్నది ఉపసంఘానికి వదిలేశారు. మాల వేసుకుని చెప్పుల్లేకుండా వచ్చిన ఒక స్వామి సంగతి నేను అడిగాను. ఆయన మూడు రోజులుగా హాల్లోనే ఉన్నాడు.

"చెప్పులు లేనిచో హాజరు ఎట్లు రుజువగును?" అన్నారు సీతాపతిరావు గారు. స్వామికి గైర్హాజరు వేశాం. ఆయన మా ఎదురుగానే నిలబడి సంతకం పెట్టాడు.

సర్క్యులరు మధ్యాహ్నానికల్లా అయింది. ప్రయాణికుల హాజరు ఇకపై పాదరక్షల ద్వారా స్వీకరించబడును. రద్దీ నివారణ దృష్ట్యా పాదరక్షలు తప్ప ఇతరులకు హాల్లోకి ప్రవేశం లేదు.

ఇతరులందరినీ గేటు బయటికి పంపించారు. పంపించింది నేనే. ఎర్రయ్యమ్మ గారు డబ్బా, మూట తీసుకుని ఉత్తకాళ్ళతో బయటికి నడుస్తూ, "రేపు పిలుస్తారు గదా బాబూ?" అంది. పిలుస్తారనే నేను అనుకున్నాను. ఆ మాటే చెప్పాను.

ఎనిమిదో తేదీ ఉదయం తొమ్మిదీ నలభైకి కౌంటరు తెరిచారు. లైను కదిలింది. కదిలిందంటే, ఇద్దరు లోడర్లు కర్రలతో జతల్ని మెల్లగా ముందుకి తోశారు. ప్రతి జతకీ బోర్డింగ్ పాసు రబ్బరు బ్యాండుతో చుట్టారు. స్కానరు గుండా పంపించారు. చెప్పుల్ని ట్రేలో పెట్టి పంపడం మామూలుగా జరిగేదే కనుక ఎవరికీ వింతగా అనిపించలేదు. పదకొండుకి బస్సు వచ్చింది. రెండొందల అడుగుల దూరానికి మాకు బస్సుంది. జతల్ని సీట్ల మీద పెట్టి విమానం దాకా తీసుకెళ్ళారు.

నేను గవరయ్య గారి దగ్గరికి పరిగెత్తాను. "సార్, మనుషులు గేటు బయటే ఉన్నారు. పిలవమంటారా?"

"మనుషులకి తనిఖీ అయిందా?"

"లోపలికి రానిస్తే కదా సార్."

"తనిఖీ అయినవి ఎక్కుతున్నాయి. కానివారు ఎక్కరాదు. నీకు కొత్త గనుక చెబుతున్నాను, ఇంకోసారి ఇలాంటి ప్రశ్న వేస్తే లిఖితపూర్వకంగా వెయ్యి."

సీతాపతిరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఈ ఉద్యోగంలో చేరాక కాగితానికి ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి. "సార్, ఎర్రయ్యమ్మ గారు. పన్నెండో తేదీ. తొలి కానుపు. ఆవిడ అదుగో, గేటు పట్టుకుని నిలబడి ఉంది."

ఆయన రిజిస్టరు తిప్పి, వేలు పెట్టి చూపించారు. "గొర్లె ఎర్రయ్యమ్మ. హాజరు, తనిఖీ, ప్రవేశం, అన్నీ సక్రమం. ఆమె ఏడో నంబరు సీటులో ఆసీనులై యున్నారు. నువ్వు చూపిస్తున్న ఆ వ్యక్తి ఎవరో విచారించి నాకు రాతపూర్వకంగా తెలుపవలెను."

లోపల సీటు బెల్టులు కూడా పెట్టారట. పైలటు తలుపు తీసి ఒకసారి వెనక్కి చూసి, అందరూ ఎక్కారా అని అడిగాడట. డెబ్బైకి డెబ్బై అని చెప్పారు. అతను ఇంకేమీ అడగలేదు. అతను కూడా మన దేశంలోనే చదువుకున్నాడు.

పదకొండూ నలభైకి సరిగ్గా విమానం లేచింది. మా విమానాశ్రయం చరిత్రలో ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా, ఒక్క సీటు ఖాళీ లేకుండా, ఒక్క ఫిర్యాదు లేకుండా వెళ్ళిన మొదటి విమానం అదే. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. గేటు బయట ఆ డెబ్బై మందీ ఉత్తకాళ్ళతో తలెత్తి చూశారు.

నేను గేటు దగ్గరికి వెళ్ళాను. ఎర్రయ్యమ్మ గారు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"బాబూ, నిజం సెప్పు. ఇక్కడ కూకుంటే నానెల్తానా?"

నిజం చెప్పమని ఆఫీసులో నన్నెవరూ అడగలేదు. కాబట్టి దానికి ఫార్మాటు లేదు.

"వెళ్ళవమ్మా" అన్నాను.

"ఆ ముక్క మూడో తేదీన సెప్పుంటే నడిసెల్లినా ఈపాటికి సగం దూరం పోదును."

నా బండి తీసి ఆమెని ఎక్కించుకున్నాను. రిజిస్టరులో "కార్యాలయ పనిపై బయటికి" అని రాశాను. అది నేను కాగితం మీద రాసిన మొదటి అబద్ధం. దారిలో ఒక దుకాణం దగ్గర ఆపి చెప్పులు కొందామంటే ఒప్పుకోలేదు. "టయం సాల్దు. బేగి పోనీ" అంది. మేం స్టేషనుకి వెళ్ళేసరికి ముంబై బండి ప్లాట్‌ఫారం మీద కదులుతోంది. ఆమె మూట నా చేతికిచ్చి పరిగెత్తింది. జనరల్ బోగీ తలుపులోంచి నాలుగు చేతులు వచ్చాయి. "మామ్మా, చెయ్యియ్యి, చెయ్యియ్యి" అని ఎవరో లాగేశారు. నేను మూట కిటికీలోంచి తోశాను. ఎన్ని గంటల ముందు వచ్చావని అక్కడ ఆమెని ఎవరూ అడగలేదు. "జరుగు, కూకోనీ" అన్న మాటొక్కటి వినపడింది.

పదో తేదీ మధ్యాహ్నం ఆఫీసు నంబరుకి ఫోను వచ్చింది.

"తవిటినాయుడు బాబా? నాను ఎర్రయ్యమ్మని. అందీసుకున్నానయ్యా. తెల్లారి నానెల్లీసరికి పిల్లకి నొప్పులు మొదలైనాయి. డాక్టరమ్మ సెప్పిన తేదీ కాదు గానీ, పిల్లలికి తేదీలు తెలుస్తాయేటి? పదింటికి ఆడగుంట. అచ్చం అల్లుడి ముక్కే. ఇంకో సంగతి బాబూ. మొన్న ఎనిమిదో తేదీనే ముత్యాలికి ఫోనొచ్చిందంట. మీ అమ్మ సేరిపోనాది, వచ్చి తీసుకెల్లండని. పక్కింటామెని పంపితే సంచీ ఇచ్చి సంతకం పెట్టించుకున్నారంట. నానెల్లీసరికి గుమ్మంలో నా సెప్పులున్నాయి. నన్ను లోపలికి రమ్మన్నట్టే ఉన్నాయి."

ఈ కబురు సీతాపతిరావు గారికి చెప్పాను. సంతోషించారు. డాక్టరు ఇచ్చిన తేదీ కన్నా శిశువు ఎన్ని రోజుల ముందు వచ్చిందని అడిగారు. రెండు రోజులని చెప్పాను.

"నిబంధన నాలుగు రోజులు కదా" అన్నారు. "పోనీలే. చిన్నపిల్ల."

ఫైలులో ఆమె కథ ఇప్పుడు ఇలా ఉంది. నాలుగు రోజుల ముందు హాజరైన సదరు ప్రయాణికురాలు ఎనిమిదో తేదీన సకాలంలో ముంబై చేరి, కుమార్తె ప్రసవమునకు రెండు దినములు ముందుగానే గుమ్మంలో సిద్ధముగా నుండిరి. ముందస్తు హాజరు విధానం యొక్క విజయానికి ఇది తార్కాణం. పై ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మా విధానాన్ని ఇంకో పదకొండు విమానాశ్రయాలకి పంపుతామన్నారు, ముందుజాగ్రత్తగా ఒక రోజు జోడించి.

పోయిన వారం హాల్లో ఆదర్శ ప్రయాణికురాలి ఫొటో పెట్టారు. గాజు చట్రంలో, పూలదండ వేసి, నీలం పట్టీల రబ్బరు చెప్పుల జత. బోర్డింగ్ పాసు చుట్టేటప్పుడు తీసిన ఫొటో. ఆవిష్కరణ జరిగింది. ఫొటో కింద పై అధికారి పేరు, సీతాపతిరావు గారి పేరు, గవరయ్య గారి పేరు, ఉపసంఘం సభ్యుల పేర్లు, చట్రం చేసిన కాంట్రాక్టరు పేరు చెక్కించారు. ఆమె పేరు కూడా వేద్దామని నేను రాతపూర్వకంగా అడిగాను. చోటు చాలదని జవాబు వచ్చింది.

మీరెప్పుడైనా మా ఊరి మీదుగా ప్రయాణం పెట్టుకుంటే ఆ ఫొటో ముందు చాలా రోజులు నిలబడాల్సి వస్తుంది. అప్పుడు ఒక్క ఉపకారం చెయ్యండి. ఉత్తకాళ్ళతో పరిగెత్తి కదిలే బండెక్కి, కూతురి దగ్గరికి సరిగ్గా కావలసిన వేళకి చేరుకున్న మనిషి పేరు గొర్లె ఎర్రయ్యమ్మ. నేను రాసిన ఏ కాగితంలోనూ అది సరిగ్గా లేదు. మీరు గుర్తుపెట్టుకోండి.